తప్పంతా దారానిదే

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి, చెప్పుల దుకాణాల వరస మొదలయ్యే చోట ఒక పాత భవనం మెట్ల కింద రాంచందర్ దుకాణం ఉంది. దుకాణం అనడం మర్యాదకే. లోపల ఆయన, ఒక కుట్టు మిషను, ఆ మిషను తెచ్చిన మనిషి కూర్చుంటే ఇంకొకరు ఎవరొచ్చినా ఫుట్‌పాత్ మీదే నిలబడాలి. అయినా నాంపల్లి నుంచి సుల్తాన్ బజార్ దాకా మిషను ఉన్న ఏ ఇంట్లో అడిగినా "ఉస్తాద్ తానికి తీస్కపోండ్రి" అంటారు. నలభై రెండేళ్ళుగా ఆయన అక్కడే కూర్చుని మిషన్లు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. పక్క గదిలో మిషను నడుస్తుంటే విని, దాని రోగమేమిటో చెప్పేయగలడు. పనిలో ఆయనకు వంక పెట్టడం కష్టం.

వంక పెట్టాలంటే మాటకే పెట్టాలి. ఆయన వైద్యమంతా రెండు సూత్రాల మీద నడుస్తుంది. మొదటిది నూనె. మనలాంటివాళ్ళు పెన్ను పెట్టుకునే జేబులో ఆయన నూనె కుప్పె పెట్టుకుంటాడు. బొటనవేలంత రేకు డబ్బా, దానికి సన్నటి ముక్కు. తలుపు కిర్రుమన్నా, గొడుగు తెరుచుకోకపోయినా, పెళ్ళిలో ఎవరి సూట్‌కేసు తాళం బిగుసుకున్నా ఆ కుప్పె బయటికి వస్తుంది. "ఇనుము ఏడ్సేది నూనె కోసమే" అంటాడు. రెండో సూత్రం ఇంకా గట్టిది. బాగుచేసిన మిషను నాలుగు రోజులకే మొరాయించి తిరిగొచ్చిందనుకోండి, దాని మొహం కూడా చూడకుండా "దారం మంచిది గాదమ్మా" అంటాడు. దారం మార్చి తెస్తే సూది మంచిది కాదు. సూదీ మారిస్తే బట్ట మంచిది కాదు. తప్పు ఊరంతా తిరుగుతుంది గానీ ఆయన దుకాణం మెట్టెక్కదు. "నేను తప్పు చేసిన" అనే మాట ఆ నోట ఒక్కనాడూ రాలేదని అందరికీ తెలుసు. అందరికన్నా బాగా తెలిసింది ఆయన భార్య సౌభాగ్యకు.

సౌభాగ్య నాంపల్లి సందులో, వీరమ్మ ఇంటి కింది వాటాలో, కిటికీ పక్కన మిషను వేసుకుని ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతోంది. కరెంటు మోటరు పెట్టిస్తానని భర్త ఎన్నిసార్లన్నా ఒప్పుకోలేదు. కాలితో తొక్కితేనే కుట్టు తన చేతిలో ఉంటుందంటుంది. సుల్తాన్ బజార్ చీరల దుకాణాల నుంచి జాకెట్ గుడ్డల మూటలు తెచ్చుకోవడం, కుట్టినవి ఇచ్చి రావడం ఆమె పని. ఆటోవాళ్ళు ఆ మూటల్ని చూడగానే బండి ముందుకు పోనిచ్చేవాళ్ళు. ఒకనాడు వానలో ముగ్గురు ఆటోవాళ్ళు వరసగా అలా చేస్తే, ఇంటికొచ్చి తడి మూట దించి, "నేను కారు కొంట, నేనే నడుపుత" అంది. రాంచందర్ నవ్వాడు. మూడు నెలలకు వాకిట్లో ఒక పాత తెల్ల మారుతి నిలబడింది. అప్పుడు ఆయన నవ్వడం మానేశాడు.

యాభై నాలుగేళ్ళ వయసులో ఆమె ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకు వెళ్ళి లెర్నర్ లైసెన్స్ తెచ్చుకుంది, డ్రైవింగ్ స్కూల్లో నెల రోజులు నేర్చుకుంది. తర్వాత ఎర్రటి ఎల్ అక్షరం అంటించుకుని, పక్కన భర్తను కూర్చోబెట్టుకుని, తెల్లవారుజామున ఖాళీ రోడ్ల మీద తిప్పింది. మొదటిసారి పరీక్షలో వెనక్కి మలుపు తిప్పేటప్పుడు కంగారుపడి తప్పింది. రెండో పరీక్ష గురువారం పొద్దున పది గంటలకు. లెర్నర్ లైసెన్స్ గడువు శనివారంతో సరి. ఇది పోతే మళ్ళీ మొదటి నుంచి. "మల్ల ఫారాలు నింపి ఫోటోలు దిగే ఓపిక నాకు లేదు. ఇదే ఆఖరు. రాకుంటే కారు అమ్మేస్త" అని ఒట్టు పెట్టింది. ఆమె ఒట్టు పెడితే నిలబడుతుందని రాంచందర్‌కు తెలుసు. అంతకన్నా, ఆ కారు వచ్చాక ఆమె మొహంలో వచ్చిన కళ ఆయనకు చాలా ఇష్టం. పైకి చెప్పలేదు గానీ, అది పోతే తట్టుకోలేడు.

సరిగ్గా అప్పుడే బ్రేకులు కీచుమనడం మొదలైంది. తొక్కితే కారు ఎడమకు లాగుతోంది. సందు చివర మెకానిక్ నరేశ్ బామ్మర్ది పెళ్ళికని కరీంనగర్ పోయి ఆదివారం గానీ రానన్నాడు. ఇంకో మెకానిక్‌ను వెతుకుదామంటే ఉస్తాద్‌కు పౌరుషం వచ్చింది.

"ఎందుకే? గిన్ని మిషన్లు ఇప్పిన చేతులు. నాలుగు బోల్టులకు భయపడుతనా?" అన్నాడు.

బుధవారం దుకాణం బంద్ పెట్టి, లుంగీ ఎగగట్టి, వాకిట్లో దిగాడు. ఫోన్‌ను నీళ్ళ బకెట్‌కు ఆనించి, బ్రేకులు ఎలా విప్పాలో చూపే వీడియో పెట్టుకున్నాడు. పై వరండాలో వీరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఎనభై ఏళ్ళ ఇల్లుగలావిడ, ఆమెకు టీవీ కన్నా ఈ వాకిలే ఇష్టం.

"ఓ రాంచందరూ, ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"బ్రేకులు ఇప్పుతున్న పెద్దమ్మా."

"మల్ల పెట్టొస్తదా?"

ఆ ప్రశ్న వినపడనట్టే జాకీ ఎత్తాడు.

చెప్పొద్దూ, మొదట్లో పని అద్భుతంగా నడిచింది. చక్రం ఊడదీస్తే వెనక ఇనుప పళ్ళెం కనిపించింది. చక్రంతో పాటు తిరిగే ఆ పళ్ళేన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లనే బిళ్ళలతో పిడికిలి పట్టినట్టు పట్టి ఆపేదే కాలిపర్. వెనక రెండు బోల్టులు. కుడి చక్రం కాలిపర్ తుప్పు పట్టి బిగుసుకుపోయింది, అందుకే కుడి పక్క సరిగ్గా పట్టక కారు ఎడమకు లాగుతోంది. రాంచందర్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, వేలితో తడిమి, "గిదే నీ రోగం" అన్నాడు. వీడియోలో కాలిపర్‌ను దానికి ఆయిల్ తెచ్చే గొట్టం విప్పకుండానే ఒక తీగకు వేలాడదీసి పని చెయ్యమన్నారు. కానీ నలభై రెండేళ్ళు బల్ల మీద పెట్టి పనిచేసిన మనిషికి వేలాడే వస్తువు మీద చెయ్యి ఎలా ఆడుతుంది? గొట్టం కూడా విప్పేసి, కారిపోతున్న బ్రేకు ఆయిల్‌ను గిన్నెలో పట్టి, కాలిపర్‌ను లోపలికి తీసుకుపోయి సౌభాగ్య బట్ట కత్తిరించే బల్ల మీద పెట్టాడు.

"అయ్యో! కింద పట్టు గుడ్డ ఉన్నది!" అని సౌభాగ్య కేకేసి గుడ్డ లాక్కుంది.

అరగంటలో ఆ కాలిపర్‌ను గీకి, కడిగి, లోపలి కడ్డీలకు వీడియోలో చెప్పిన గ్రీజే పెట్టి, కొత్తదాన్ని చేశాడు. వేలితో నెడితే జారుతోంది. మళ్ళీ తెచ్చి బిగించాడు. ఎడమదీ విప్పి తుడిచాడు. అంతవరకూ అన్నీ బాగానే ఉన్నాయి. బోల్టు ఆఖరి చుట్టు తిప్పి లేవబోతుంటే ఆయన చూపు ఆ ఇనుప పళ్ళెం అంచు మీద పడింది. సన్నగా తుప్పు. చేత్తో తిప్పితే గరగర. ఇన్నాళ్ళూ కీచుమని ఏడ్చింది ఇదే కాబోలు, పాపం అనుకున్నాడు. కుప్పె జేబులోంచి ఎప్పుడు బయటికొచ్చిందో ఆయనకే తెలీదు. నాలుగు చుక్కలు వేసి, పళ్ళేన్ని తిప్పి, బట్టతో నున్నగా రుద్దాడు. రెండోది అలుగుతుందని ఎడమ చక్రానికీ నాలుగు చుక్కలు వేశాడు. గరగర పోయింది. ఆయన మనసు చల్లబడింది.

గొట్టం విప్పినందుకు బ్రేకు ఆయిల్‌లోకి గాలి దూరింది. పెడల్ తొక్కితే మెత్తగా నేలదాకా పోతోంది. ఆ గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టాలి, రెండోవాళ్ళు చక్రం దగ్గర చిన్న మూతి వదులు చేసి గాలి పోనిచ్చి, మూతి బిగించాకే పెడల్ వదలమనాలి. వదులు ఉండగా పెడల్ వదిలితే పోయిన గాలి మళ్ళీ లోపలికే వస్తుంది.

సౌభాగ్య వచ్చి సీట్లో కూర్చుంది. రాంచందర్ దూరంగా ఉన్న వెనక చక్రం దగ్గర పడుకుని, మూతికి సన్న గొట్టం తగిలించి, కొసను సీసాలో పెట్టాడు.

"తొక్కు!"

సౌభాగ్య తొక్కింది. ముప్పై ఏళ్ళు మిషను తొక్కిన కాలు. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. ఆపడం ఆ కాలికి తెలీదు. సీసాలో బుడగలు పోతున్నాయి, వస్తున్నాయి, పోతున్నాయి, వస్తున్నాయి.

"ఆపవే! జాకెట్ కుడుతున్నవా ఏంది?"

"తొక్కుమంటివి కదా!"

"తొక్కి పట్టుమన్న!"

"పట్టుమని ఎప్పుడన్నవయ్యా? ఆ మాట కడుపుల పెట్టుకున్నవా?"

పైనుంచి వీరమ్మకు నవ్వాగలేదు. "సౌభాగ్యా, జర నిమ్మళంగ తొక్కు బిడ్డా, ఫాల్ కుట్టేటప్పుడు తొక్కుతవ్ సూడు, గట్ల" అంది.

విచిత్రం ఏమిటంటే ఆ మాట పనిచేసింది. చీరకు ఫాల్ కుట్టేటప్పుడు మూల రాగానే సూది గుడ్డలో దిగి ఉండగా కాలు ఆపి, గుడ్డ తిప్పి, మళ్ళీ నడపాలి. సౌభాగ్య కాలు ఆ మూల దగ్గర ఆగినట్టు ఆగింది. ఇక ఆమే పేర్లు పెట్టింది. "మూల" అంటే తొక్కి పట్టినట్టు, "తిప్పిన" అంటే ఆయన మూతి బిగించినట్టు. వాకిలంతా మూల, తిప్పిన, మూల, తిప్పిన. మధ్యమధ్య బానెట్ కింద డబ్బాలో బ్రేకు ఆయిల్ తగ్గకుండా పోసుకుంటూ, నాలుగు చక్రాలూ గంటన్నరలో ముగించారు. ఆఖరి చక్రం దగ్గర సీసాలో బుడగలు ఆగిపోయాయని రాంచందర్ లేవబోయాడు.

"ఇంకా ఉన్నది" అంది సౌభాగ్య.

"నీకెట్ల తెలుసు? నేను సీస చూస్తున్న."

"కాలికి తెలుస్తుంది. పట్టా వదులైన మిషను లెక్క ఉన్నది. ఇంకోసారి."

ఇంకోసారి చేస్తే పెద్ద బుడగ ఒకటి బుడుక్కున బయటపడింది. రాంచందర్ తల ఊపాడు. ఆయన దగ్గర అది పెద్ద బిరుదే.

పెడల్ రాయిలా గట్టిపడింది. ఇద్దరికీ సంబరం. చాయ్ తాగి, సందులో ఒక చుట్టు తిప్పుదామని బయల్దేరారు. సౌభాగ్య నడుపుతోంది, ఆయన పక్కన. గేటు దాటి, సందు చివర మంచినీళ్ళ డబ్బాల దుకాణం దాకా మనిషి నడక వేగంతో పోయి, బ్రేకు తొక్కింది.

కీచుమనే చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు. ఆగడం కూడా లేదు!

"ఆపు!" అన్నాడు రాంచందర్.

"తొక్కిన్నయ్యా! మొత్తం తొక్కిన!"

కారు అసలేమీ పట్టనట్టు నింపాదిగా పోతోంది. ఆయన రెండు చేతులతో హ్యాండ్ బ్రేకు లాగేసరికి అది పోయి పోయి, పేర్చిన ఖాళీ నీళ్ళ డబ్బాలను మెల్లగా తోసి ఆగింది. పదిహేను డబ్బాలు సందంతా దొర్లాయి. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. దుకాణం మనిషి డబ్బాలు ఏరుకుంటూ తిట్టిన తిట్లు మాత్రం ఇక్కడ రాయలేను.

సౌభాగ్య స్టీరింగ్ వదల్లేదు. రాంచందర్ నోరు అలవాటు ప్రకారం తెరుచుకుంది.

"గా ప్యాడ్లు డూప్లికేట్వి ఉంటయ్. కంపెనీ మాల్ గాదు."

అంటూండగానే ఆయన ముక్కుకు తన వేళ్ళ వాసన తగిలింది. మిషను నూనె. తిరిగే ఇనుమును రాపిడితో పట్టుకుని ఆపేది బ్రేకు. రాపిడి లేకుండా చేసేదే నూనె. నలభై రెండేళ్ళుగా రాపిడి పోగొట్టి అన్నం తిన్న మనిషి, దానికి కూడా రాపిడి పోగొట్టి పెట్టాడు. పళ్ళెం మీద నూనె చుక్క పడొద్దని వీడియోలో చెప్పే ఉంటారు. ఆ ముక్క చెప్పే వేళకే ఫోన్‌లో బిర్యానీ ప్రకటన వచ్చిందని ఆయన ఇప్పటికీ అంటాడు. పోనీ, ఆ ఒక్కటీ నమ్ముదాం.

సౌభాగ్య ఇంజను ఆపి, మెల్లగా ఇటు తిరిగింది.

"ఇగో, నా మాటిను. జాకెట్ చెడిపోతే ఇప్పి మల్ల కుడుత. ఇది జాకెట్ గాదు. రేపు నా కాలు దీని మీద పెడుత. ముంగట మనుషులుంటరు. ప్యాడ్లే ఖరాబున్నయా, ఇంకేమన్నా అయిందా? నిజం చెప్పు. నువ్వేది చెప్తే గదే నమ్ముత."

ఆ చివరి మాటే ఆయన్ని పట్టేసింది. ప్యాడ్ల మీదే తోసేయొచ్చు. కొత్తవి తెచ్చి వేసి, ఆమె చూడకుండా పళ్ళేలు తుడిచేస్తే ఎవరికీ తెలియదు, ఉస్తాద్ పేరుకు మచ్చ రాదు. కానీ తుడిచింది చాలకపోతే? తాను ఇవాళ కప్పిపెట్టిన దాని మీద రేపు ఈమె కాలు పెడుతుంది, నమ్మి. ఎప్పుడూ అనని ఆ మాట తుప్పు పట్టిన బోల్టులా బిగుసుకుంది. అలాంటి బిగుతుకు ఏ నూనే పనిచేయదు.

"నేనే" అన్నాడు.

"ఏంది?"

"నూనె పోసిన. రెండు చక్రాలకు. ప్యాడ్లు మంచిగనే ఉండె, నా నూనె తాగి నాశనమైనయ్. తప్పు... తప్పు నేనే చేసిన సౌభాగ్యా."

సౌభాగ్య ఆయన మొహంలోకి చూసింది. తర్వాత ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని ఆయన హడలిపోయాడు. ఏడుపు కాదు, నవ్వు. స్టీరింగ్ మీద తల వాల్చి, కళ్ళ నీళ్ళు కారేట్టు నవ్వింది. తలకు హారన్ తగిలి అది కూడా మోగింది. డబ్బాలు ఏరుకుంటున్న మనిషి ఉలిక్కిపడి ఇంకో రెండు డబ్బాలు జారవిడిచాడు.

"ముప్పై ఒక్క ఏండ్లాయె నీతోని" అంది చివరికి కళ్ళు తుడుచుకుంటూ, "ఈ మాట వినకుండనే పోతననుకున్న. లే, చెప్పులేస్కో. పొద్దుగూకకముందే పోయొద్దాం."

కారును తోసుకుంటూ వాకిట్లోకి చేర్చి, ఆటోలో చాదర్‌ఘాట్ పోయి, కొత్త ప్యాడ్లు, పళ్ళేలు కడిగే స్ప్రే డబ్బా తెచ్చారు. దుకాణంలో ఎందుకు మారుస్తున్నారని అడిగితే రాంచందర్ గొంతు సవరించుకున్నాడు. సౌభాగ్య ఆయన వంక చూసింది. "నూనె పోసిన" అన్నాడు. రెండోసారి కొంచెం సులువుగానే వచ్చింది.

సాయంత్రం ఎండ ఉండగానే చక్రాలు మళ్ళీ ఊడదీసి, పళ్ళేలు మూడుసార్లు కడిగి, కొత్త ప్యాడ్లు వేశారు. మొదలుపెట్టే ముందు సౌభాగ్య చెయ్యి చాపింది.

"ఏంది?" అన్నాడాయన.

"కుప్పె."

ఇచ్చేశాడు. ఆమె దాన్ని గుండీల డబ్బాలో వేసి మూత పెట్టింది. ఆ తర్వాత సందులో ఇరవైసార్లు నడిపి ఇరవైసార్లు ఆపారు. వీరమ్మ పైనుంచి లెక్కపెట్టింది. కొత్త ప్యాడ్లు ఇరవైసార్లూ పట్టాయి.

గురువారం పరీక్ష మైదానంలో రాంచందర్ కంచె అవతల నిలబడ్డాడు. తెల్ల మారుతి ఎత్తు ఎక్కింది, మలుపులు తిరిగింది, పోయినసారి తప్పిన వెనక్కి మలుపూ తిరిగింది. ఆఖరున తెల్ల గీత దగ్గర ఆగాలి. కారు గీత వైపు వస్తుంటే ఆయన కుడికాలు తనంతట తానే మట్టిలో దిగబడింది. జేబులోకి పోయిన చేతికి ఏమీ తగల్లేదు. "మూల" అని గొణిగాడు. కారు గీత మీద, సరిగ్గా గీత మీద ఆగింది. రాంచందర్ గట్టిగా చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు చూసినా ఆపలేదు. కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది, దుమ్మని చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం జమున దుకాణానికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా మిషను ఇక్కడే బాగుచేయించుకునే మనిషి. పోయిన నెల బాగుచేసిందే, మళ్ళీ దారం పుటుక్కు పుటుక్కున తెగుతోందట. ఆమె ముందే తెలివిగా మూడు రకాల దారం రీళ్ళు, కొత్త సూదులు, రెండు రకాల గుడ్డ ముక్కలు సంచిలో వేసుకుని వచ్చింది. ఒక్కొక్కటే బల్ల మీద పేర్చి, "ఇగ చెప్పు ఉస్తాద్. వీటిల ఏది మంచిది గాదు?" అంది.

రాంచందర్ దారం రీలు చేతిలోకి తీసుకున్నాడు. నోరు తెరిచాడు. రీలు కింద పెట్టి, మిషను మూత విప్పి లోపలికి చూశాడు.

"దారం మంచిదేనమ్మా" అన్నాడు. "పోయినసారి నేనే స్క్రూ ఎక్కువ బిగించిన. తప్పు నాదే. కూసో, చేసిస్త."

జమున కూర్చోలేదు. ఆయన్ని కిందికీ పైకీ చూసింది. కుప్పె లేని జేబును చూసింది. ఆమె మొహంలో నిజంగానే కంగారు కనిపించింది.

"ఉస్తాద్, పానం మంచిగుందా? దవాఖానకు ఏమన్నా పోదామా?"

"ఏం ఫికర్ లేదమ్మా" అన్నాడు రాంచందర్, స్క్రూ వదులు చేస్తూ. "పోవాల్నంటే కారున్నది. మా ఇంటామె నడుపుతది. బ్రేకులు గూడ పడుతున్నయ్."